పదకొండు నిమిషాల ఇంజను

గడువు మొదటి రోజు. పొద్దున, పోటు వేళ.

రేవు కచేరీలోని పొగ ఇంజన్ల విభాగానికి పెమ్మాడి వరహాలు రాస్తున్న దినచర్య ఇది. పొగ వదిలే ఇంజను ఉన్నవాళ్ళు దాన్ని ఎప్పుడు నడిపారో, ఎందుకు నడిపారో, ఏం చెడిందో, ఏం చేశారో ఈ పుస్తకంలో రాయాలని మీ నిబంధన. తెప్పలపేట మొత్తానికి అలాంటి ఇంజను నాది ఒక్కటే కాబట్టి ఈ పుస్తకమూ ఒక్కటే. మీరు దీన్ని చదువుతారో, ముద్ర కొట్టి బీరువాలో పడేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం నాకు తోచినంత రాస్తాను.

ఎందుకు నడిపారు అన్న గడిలో: పెళ్ళికి.

నా పెళ్ళికే. నాకు యాభై రెండేళ్ళు. ఈ సంగతి విని నవ్వాల్సినవాళ్ళు ఊళ్ళో ఇప్పటికే నవ్వేశారు, కచేరీవారు కూడా కానివ్వవచ్చు. పెళ్ళికొడుకు కొప్పాడి ఆదివిష్ణు, మట్టిదిబ్బ మీద మంచినీటి పంపు చూసుకునే మనిషి. మూడేళ్ళ క్రితం ఆ పంపు మొరాయిస్తే తీగ ఫోనులో నన్ను అడిగారు. ఫోను పంపు పక్కన పెట్టమన్నాను, చప్పుడు విన్నాను, లోపల వాషరు పోయిందని చెప్పాను. తరవాత బేరింగు, ఆ తరవాత వాల్వు. ఏడాది తిరిగేసరికి పంపులో చెడడానికి ఏమీ మిగలలేదు. అయినా ఒక సాయంత్రం ఫోను మోగింది. "పంపు బానే ఉందండి. ఊరికే చేశాను" అన్నారు. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో ఇలాంటి పుస్తకంలో రాయకూడదేమో గాని, రాసేశాను.

మా పేట ఆచారం మీకు తెలిసిందే. తాంబూలాలు మార్చుకున్నాక పద్నాలుగో రోజు పొద్దు కుంకేలోగా పెళ్ళికూతురు తన పడవ తానే నడుపుకుంటూ పెళ్ళికొడుకు రేవుకి చేరాలి, ఆయన్ని తన పడవలో తెచ్చుకోవాలి. గడువు దాటితే సంబంధం వదులుకున్నట్టే, మళ్ళీ అడగడానికి వీల్లేదు. ఆ పద్నాలుగు రోజులూ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. మిగతా పిల్లలకి ఇదంతా తేలిక. కరెంటు పడవ ఎక్కి కూర్చుంటే దాన్ని సరంగు నడిపిస్తుంది. సరంగు అంటే మనిషి కాదు, పడవలన్నిటిలోనూ పలికే ఆ గొంతే. నా చిక్కు ఏమిటంటే మాకూ మట్టిదిబ్బకీ మధ్య మూగమడ ఉంది. ఇరవై కిలోమీటర్ల మడ అడవి. మునిగిపోయిన ఊళ్ళ మీద ఎంత దట్టంగా పెరిగిందంటే, అందులోకి సరంగు మాట చేరదు. ఎర్ర గుంజల దగ్గరకి రాగానే కరెంటు పడవలు ఆగిపోతాయి. చేత్తో తిప్పుదామంటే వాటికి పిడే లేదు.

అందుకని మా నాన్న ఇంజను దించాను. పడవ వెనక తగిలించే రకం, తాడు లాగితే అందుకుంటుంది, వయసులో నాకంటే పెద్దది. తొమ్మిదేళ్ళుగా గోనె కింద ఉంది. నెల రోజులు దాన్ని విప్పి, తుడిచి, బిగించాను. ఈ పొద్దున మూడో లాగుకి గర్జించింది. ఎర్ర గుంజల దాకా పోయి వచ్చాను, నలభై నిమిషాలు. ఒక్క దగ్గు లేదు.

లోపం: ఏమీ లేదు. ఇంజను నడిపిన మనిషి మాత్రం దారంతా పాడుతూ వచ్చింది.


గడువు మొదటి రోజు. సాయంత్రం.

ఇంజను నడపలేదు, కాని రాయాలనిపించి రాస్తున్నాను. ఇవాళ నా పడవకి గుగ్గిలం పెట్టారు.

మాలా తెప్పల మీద ఇళ్ళు కట్టుకుని నీళ్ళ మీద పుట్టినవాళ్ళకి బెజ్జం అంటే ఎంత భయమో చెప్పనక్కరలేదు. మాకు నడక కంటే ముందు బెజ్జం మూయడం నేర్పుతారు. ఎవరి తెప్పకి కన్నం కనబడినా కాస్త గుగ్గిలం తీసి బొటనవేలితో నొక్కి పోతాం, అది ఇరుగుపొరుగు మర్యాద. పెళ్ళికూతురి పడవకైతే ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చి తలా ఒక చోటు వెతికి గుగ్గిలం ముద్ద పెడతారు. పేర్లు జాబితా రాస్తారు. అవతలి ఒడ్డున పెళ్ళికొడుకు వైపువాళ్ళు ఆ జాబితా పట్టుకుని ముద్దలు లెక్కపెడతారు, అన్నీ చెదరకుండా ఉండాలి. మరమ్మతుకి తప్పదంటే తీయవచ్చు గాని, పెట్టిన చెయ్యే తీయాలి. ఇంకొకరి చెయ్యి తగిలితే అది దీవెనని చెరిపినట్టు.

ఇరవై ఎనిమిది మంది వచ్చారు. చివర మా అత్త నరసాయమ్మ. చనిపోయిన నా భర్త సింహాద్రికి తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, మేమిద్దరమే ఒక తెప్ప మీద ఉంటున్నాం. ఈ సంబంధం సంగతి నాకంటే ముందు ఆవిడే కనిపెట్టింది. ఫోను మోగితే చాలు, "పంపాయన" అని నా చేతికి ఇచ్చి రొయ్యలు ఒలుచుకోవడానికి బయటకి పోయేది. రొయ్యలు లేని రోజున కూడా పోయేది.

అత్త వంతు వచ్చేసరికి పడవలో ఖాళీ బెజ్జం ఒక్కటీ మిగలలేదు. ఆవిడకి చూపు సరిగా ఆనదు, వేళ్ళతో పడవంతా తడుముతూ వెనక్కి పోయింది. నేను వచ్చినవాళ్ళకి పానకం పోస్తున్నాను. కాసేపటికి వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది, ఎవరికీ కనబడనిది తనకే దొరికిందట. ఆ మొహం చూడాలి, పెళ్ళి ఆవిడదే అనుకోవాలి.


మూడో రోజు. పోటు.

ఇంజను చెడింది.

రేవునుంచి బయలుదేరి వేగం పెంచి పోతుంటే, మునిగిన వాటర్ ట్యాంకు తల దగ్గర మొదట చిన్నగా దగ్గింది. తరవాత ఊగిసలాట. ఒకసారి ఎగదన్నడం, ఒకసారి చతికిలబడడం. చివరికి ఆగిపోయింది. గడియారం చూశాను, బయలుదేరి పదకొండు నిమిషాలు. ట్యాంకు తల మీద కూర్చున్న కొంగలు నన్నే చూస్తున్నాయి.

తెడ్డు వేసుకుంటూ ఇంటికి వచ్చాను. ప్లగ్గులు విప్పితే నల్లగా మసి పట్టి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది, ఎడం సరిచేసి బిగించాను. ట్యాంకు మూత తీసి పెట్రోలు నింపి, రేవు దగ్గరే నింపాదిగా అరగంట నడిపాను. గడియారంలా నడిచింది.

లోపం: ప్లగ్గులు. చర్య: శుభ్రం చేశాను. బాగుపడింది.

పక్క పడవలోని సరంగుని కూడా ఒక మాట అడిగాను, దాన్ని చిన్నబుచ్చడం ఎందుకని. ఈ యంత్రం తన పట్టికలో లేదంది. ప్రదర్శనశాలవారికి ఇస్తే శాలువా కప్పుతారంది. శాలువా ఇంజనుకా, నాకా అని అడిగితే ప్రదర్శనశాల తెరిచే వేళలు చదివింది.


నాలుగో రోజు.

పదకొండు నిమిషాలు. మళ్ళీ అదే వాటర్ ట్యాంకు, అవే కొంగలు.

ఈసారి పెట్రోలుని అనుమానించాను. నాచునుంచి తీసే ఈ పెట్రోలుకి సముద్రపు గాలి తగిలితే నీళ్ళు పీలుస్తుంది. గాజు గ్లాసులో పోసి చూస్తే అడుగున నీటి బొట్లు కనబడ్డాయి. నాకు ఎంత సంబరం వేసిందంటే ఆ గ్లాసు పట్టుకుని నాలుగు తెప్పలు తిరిగి చూపించాను. పాత పెట్రోలంతా తీసేసి, కొత్తది నూనె కలిపి పోసి, పేట చుట్టూ ఒక చుట్టు తిప్పాను, ఎనిమిది నిమిషాలు. బ్రహ్మాండం.

లోపం: పెట్రోలులో నీళ్ళు. ఈసారి నిజంగా బాగుపడింది.


ఆరో రోజు.

కచేరీవారు పై వాక్యం కొట్టేయగలరు.

కార్బురేటరు విప్పాను. లోపలి సన్నటి దారుల్లో పచ్చటి జిగురు పట్టి ఉంది, ఒక దాంట్లో ఎండిన పురుగు. ఆ దారులు చీపురు పుల్ల కంటే సన్నం. అత్త తన చీపుర్లోంచి ఏరి ఏరి సన్నటి పుల్లలు ఇచ్చింది. ఆ పురుగుని చూశాక తప్పు దానిదేనని ఊరంతా ఒప్పుకుంది.

పని మధ్యలో ఫోను మోగింది. ఎత్తితే అవతల మాట లేదు. ఆచారం ప్రకారం మాట్లాడకూడదు గాని, మాట్లాడకుండా ఫోను చేయకూడదని ఎవరూ అనలేదు. వెనక పంపు చప్పుడు వినిపిస్తోంది. బేరింగు బాగానే ఉంది. చేతిలో స్పానరు ఉంటే బల్ల మీద రెండుసార్లు కొట్టాను. అవతల పంపు మీద ఎవరో రెండుసార్లు కొట్టారు. అత్త బయటకి పోయింది, రొయ్యలకే అనుకుంటాను.

కార్బురేటరు బిగించాక ట్యాంకు నింపి నడిపి చూశాను. మంచి చప్పుడు. ఇక చాలు, మంచి రోజు చూసి బయలుదేరుదామనుకున్నాం.


తొమ్మిదో రోజు.

ఇవాళ రాయాలంటే సిగ్గుగా ఉంది.

పొద్దున పోటు ఎక్కుతుండగా బయలుదేరాం. పెళ్ళికూతురితో ఒక పెద్ద మనిషి వెళ్ళాలి గనుక అత్త నడిమి బల్ల మీద కూర్చుంది. నేను ఆకుపచ్చ పట్టుచీర కట్టాను, పైన నూనె మరకల చొక్కా వేసుకున్నాను. పేటంతా తెప్పల అంచుల మీద నిలబడి సాగనంపింది. సరిగ్గా వాటర్ ట్యాంకు దాటి అందరికీ కనబడే చోట ఆగింది. పదకొండు నిమిషాలు.

పెట్రోలు ఉందా అని మూత తీసి చూశాను, ఉంది. బిగించి తాడు లాగితే అందుకుంది. ఎర్ర గుంజలు దాటాం, మడలోకి దిగాం, మళ్ళీ పదకొండు నిమిషాలకి ఆగింది. ఈసారి పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డి లోపలికి నొక్కుకుపోయి చప్పిడి పడి ఉంది. చూస్తే వేడెక్కినట్టుంది, రబ్బరూ ముసలిదైనట్టుంది. అరగంట చల్లార్చి పెట్రోలు పోశాను. నడిచింది. ఆగింది. ఆ లెక్కన పోతే పోటు దిగేలోగా సగం దారి కూడా పోలేం, మడలో బురద మీద కూర్చుండిపోతాం. వెనక్కి తిప్పాను. గుంజల ఇవతల ఒక చేపల పడవ దొరికి లాక్కొచ్చింది. ఊళ్ళో అందరి పడవలూ బాగుచేసి పెట్టే వరహాలు తాడు కట్టించుకుని ఇంటికి వచ్చింది.

స్పానరు నీళ్ళలోకి విసిరేశాను. తరవాత నేనే మునిగి తెచ్చుకున్నాను, ఉన్నది అదొక్కటే.

రాత్రికి రబ్బరు బుడ్డి, పైపు రెండూ మార్చాను.


పదకొండో రోజు.

మార్చిన బుడ్డీ చప్పిడి పడింది. పదకొండు నిమిషాలు.

ఇప్పుడు ఊళ్ళో ప్రతివాళ్ళకీ ఒక వైద్యం తెలుసు. నీళ్ళలో తిరిగే పంకాకి నాచు చుట్టుకుందని ఒకరు, ఇంజనుకి దిష్టి తగిలిందని ఇంకొకరు. పంకా విప్పి చూశాను, శుభ్రంగా ఉంది. దిష్టి కూడా తీయించాను, ఎందుకు దాచడం. వచ్చిన ఆడవాళ్ళు దీవెన గట్టిగా ఉందో లేదో అని నా పడవలో ముద్దలన్నీ మరోసారి తడిమి చూసి తృప్తిగా పోతున్నారు.

నాకు భయం వేస్తోంది. నేను ఆయన్ని రెండుసార్లే చూశాను, మూడేళ్ళు విన్నాను. ఒక మనిషి మాట వింటే రోజు బాగుంటుందని నాకు ఈ వయసులో తెలిసింది. గడువు దాటితే ఆయన మళ్ళీ ఫోను చేయడానికి లేదు, నేను ఎత్తడానికి లేదు. ఇది నేనే బాగుచేయలేని ఇంజను వల్ల జరుగుతుందంటే నన్ను నేను క్షమించుకోలేను.


పన్నెండో రోజు.

తెల్లవారుతూ లేచి చూస్తే అత్త పక్క మీద లేదు. బయట చిన్న దోనెలో కూర్చుని తెడ్డు వేస్తోంది. రేవులో ఈ కొసనుంచి ఆ కొసకి, మళ్ళీ ఇటు. రొప్పుతోంది గాని ఆగడం లేదు. ఏమిటిదంతా అంటే ఇంజను పడుకున్నప్పుడల్లా తాను తెడ్డు వేస్తుందట, అలవాటు తప్పిపోయిందని సాధన చేస్తోందట. "నీ ఇంజను పదకొండు నిమిషాలు, నేను ఇంకో పదకొండు. అలాగలాగే ఎల్లిపోదాం" అంది.

నేను ఆవిడని దోనెలోంచి దించి, కాళ్ళు వత్తి, కాఫీ పెట్టి ఇచ్చాను. మనసు చాలా తేలికపడింది. ఎలాగైనా పోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.


పద్నాలుగో రోజు. మూగమడ మధ్యలో.

ఈ గడి పడవలోనే రాస్తున్నాను, చేతికి పాకం అంటి ఉంది, కాగితానికీ అంటితే మన్నించాలి.

పోటు మొదలవకముందే బయలుదేరాం. పది నిమిషాలు ఇంజను, ఆపి చల్లార్చి పెట్రోలు పోయడం, ఆ మధ్యలో ఇద్దరం తెడ్లు. మూడోసారి ఆగేసరికి పొద్దు పడమటికి వాలింది. మడ వేళ్ళ మీద తడి గీత కనబడింది, అంటే పోటు తిరిగి నీరు దిగుతోంది. ఇంకా తొమ్మిది కిలోమీటర్లు ఉంది. ఇంజను మీద ఒక దెబ్బ వేశాను. చెయ్యే నొప్పి పుట్టింది.

అత్త తెడ్డు పక్కన పెట్టింది. ఆకలేస్తే కోపం వస్తుందని, రొట్టెలు విప్పింది. వాటి మీదకి తాటిపాకం డబ్బా తెచ్చుకుంది, పైన రేకు మూసి ఉన్న రకం. మేకుతో ఒక బెజ్జం పొడిచి వంచితే ఒక బొట్టు పడి ఆగిపోయింది. కుదిపింది, రాలేదు.

"ఇంకో బెజ్జం పొడవ్వే వరాలూ. గాలి లోపలికి ఎల్లకపోతే పాకం బయటికెలా వత్తాది" అంది.

స్క్రూడ్రైవరుతో రెండో బెజ్జం పొడిచాను. పాకం ధారగా దిగింది. రొట్టె నిండింది, ఆకు నిండింది, నా చెయ్యి నిండింది, నేను డబ్బా ఎత్తడం మరిచిపోయాను. నా కళ్ళు పెట్రోలు ట్యాంకు మీద ఉన్నాయి.

ట్యాంకు మూతకి నడినెత్తిన ఒక సన్నటి బెజ్జం ఉంటుంది. మా నాన్న చూపించాడు, నాకు ఏడేళ్ళప్పుడు. పెట్రోలు ఇంజనులోకి దిగుతున్న కొద్దీ గాలి ఆ దారిన లోపలికి పోవాలి. పోకపోతే ట్యాంకే పెట్రోలుని వెనక్కి పీల్చి పట్టుకుంటుంది, రబ్బరు బుడ్డి చప్పిడి పడుతుంది, ఇంజను ఎండిపోయి ఆగుతుంది. నేను ఏది బాగుచేసినా చివర మూత తీసి పెట్రోలు నింపాను. మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయింది, వేగంగా పోతే ఇంకో పదకొండు నిమిషాలు, నింపాదిగా తిప్పితే అరగంట నడిచింది. ప్లగ్గులు, నీళ్ళు, పురుగు, వీటన్నిటికీ ఊరికే పేరు వచ్చింది.

మూత దగ్గరకి వంగి చూశాను. బెజ్జం లేదు. దాని మీద నున్నటి గుగ్గిలం ముద్ద, దాని మీద బొటనవేలి ముద్ర. ముద్రకి అడ్డంగా ఒక గీత. ఆ గీత రొయ్యల కత్తి దిగిన పాత గాయం. తొమ్మిదేళ్ళుగా ఆ చెయ్యే నాకు అన్నం పెడుతోంది.

పద్నాలుగు రోజులు ఆ ముద్దని రోజూ చూశాను. మూత తీసేటప్పుడు వేలికి తగిలింది కూడా. నీళ్ళ మీద పుట్టినదాన్ని, మూసిన బెజ్జాన్ని చూస్తే నా మనసు హాయిగా పక్కకి పోతుంది. తెరిచి ఉంటేనే పట్టుకునేదాన్ని.

నేను తీయడానికి లేదు. ఆవిడకి చెప్పకుండా మూత వదులు చేసి నడిపేద్దామా అని కూడా ఆలోచించాను, అబద్ధం ఎందుకు. కాని మూత వదులైతే అలకి సగం పెట్రోలు నీళ్ళపాలు. అదీగాక ఈవిడ దగ్గర నాకు ఇప్పటిదాకా దాపరికం లేదు. పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తీసి మూత మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

అత్త వేలితో ఆ ముద్దని చుట్టూ తడిమి చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ దీని పీక నొక్కింది నేనేనన్నమాట" అంది.

తరవాత తలలోంచి పిన్ను తీసి, ముద్ద అంచున గుచ్చి లేపింది. గాలి లోపలికి సుయ్యిమని పోయింది, ట్యాంకు రేకు టప్పుమని పైకి వచ్చింది. ఆ చప్పుడుకి అత్త ఉలిక్కిపడి, పిన్ను పట్టుకునే నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వు ఆగలేదు. చెట్ల మీద కొంగలన్నీ లేచిపోయేదాకా నవ్వాం. కళ్ళు తుడుచుకున్నాను, ఇప్పుడు తాడు లాగాలి.

ఇక రాయడం ఆపుతున్నాను, నీరు దిగుతోంది.


పద్నాలుగో రోజు. మట్టిదిబ్బ రేవు, సాయంత్రం.

పదకొండు నిమిషాలు దాటింది. పన్నెండు. పదిహేను. ఇరవై దాకా అత్త పైకి లెక్కపెట్టింది, తరవాత వదిలేసింది. తొమ్మిది కిలోమీటర్లు పిడి వదలకుండా, వేగం తగ్గించకుండా వచ్చాం. మడ దాటేసరికి వెనక కాలవలో బురద బయటపడుతోంది.

మట్టిదిబ్బ రేవులో ఆదివిష్ణుగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఒక ట్రంకు పెట్టె. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నారని మొహం చెబుతోంది. ఇంజను చప్పుడు మడలో ఉండగానే విన్నారట, రెండు సిలిండర్లూ సరిగా కొడుతున్నాయని అక్కడే చెప్పేశారట. నేను ఆయన వంక చూసి నవ్వాను. మాట్లాడడానికి ఇంకా లేదు, ముద్దల లెక్క పూర్తి కావాలి.

లెక్కపెట్టేది ఆయన అక్క భూలోకమ్మగారు. పొడుగాటి మనిషి, కళ్ళజోడు, చేతిలో జాబితా. పేరు చదవడం, ముద్ద చూడడం, గీత పెట్టడం. ఇరవై ఏడు గీతలు పెట్టాక ట్యాంకు దగ్గర ఆగి, పగిలిన ముద్ద చూశారు. ఒకటి చెదిరింది, ఎవరు తీశారు అని అడిగారు. రేవులోవాళ్ళు పడవ చుట్టూ మూగారు.

"నేనే పెట్టేనండి, నేనే తీసేను. పెట్టిన సెయ్యే తియ్యాలి గదండీ, అలాగే తీసేను" అంది అత్త.

భూలోకమ్మగారు నిబంధన ఒప్పుకున్నారు. అయితే లెక్క పూర్తి కావాలంటే ముద్ద మళ్ళీ పెట్టాలి, పెడితే ఇప్పుడే గీత పెట్టేస్తానని, గుగ్గిలం డబ్బా కూడా అందించారు. పొద్దు కుంకడానికి ఇంకా గంట ఉంది. ముద్ద పెట్టడం ఒక్క క్షణం పని.

అత్త డబ్బా తీసుకోలేదు.

"పెట్టనండి. దానికి ఊపిరి కావాలండి. నా కొడుకు పోయిన కాడ్నుంచి ఈ పిల్లని కూడా నేనలాగే సూసుకున్నానండి, ఎక్కడా గాలి సొరకుండా. రెండు మంచి సంబంధాలొస్తే నేనే ఒద్దనిపించేను. పేమతోనే సేసేనండి. ఆ పేమతోనే ఇదీ మూసేను. ఇంక మూయనండి" అంది.

ఆ రెండు సంబంధాల సంగతి నాకు తెలియదు. తొమ్మిదేళ్ళలో ఆవిడ నాకు చెప్పని మాట అదొక్కటే ఉన్నట్టుంది. నాకు కోపం రాలేదు. అవి కుదిరి ఉంటే నేను పంపు చప్పుడు వినేదాన్ని కాదు కదా. వెళ్ళి ఆవిడ భుజం పట్టుకున్నాను.

భూలోకమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తమ్ముడి వంక చూశారు. ఆయన మెట్టు దిగి వచ్చి ట్యాంకు మూత మీద చెవి పెట్టి, ఇంజనుని ఒకసారి నడిపి చూపించమని సైగ చేశారు. తాడు లాగాను. ఆయన తన అక్క వేలు పట్టుకుని ఆ సన్నటి బెజ్జం మీద పెట్టారు. గాలి వేలిని లోపలికి లాగుతుంటే ఆవిడ చటుక్కున వెనక్కి తీసుకుని, మళ్ళీ తానే పెట్టి చూసి, చిన్నపిల్లలా ఇంకోసారి పెట్టారు. తరవాత జాబితాలో ఇరవై ఎనిమిదో పేరు పక్కన గీత పెట్టి, "ఊపిరికి వదిలారు" అని రాసి సంతకం చేశారు. ఇక ముందు ఏ ఇంజను పడవ వచ్చినా ఒక బెజ్జం తక్కువ లెక్కపెడతానని అందరికీ వినబడేలా చెప్పారు.

కచేరీవారికి: లోపం, ట్యాంకు మూత మీది గాలి బెజ్జం మూసుకుపోవడం. చర్య, మూసినవారే తెరిచారు. తక్కిన మరమ్మతులన్నీ నా గొప్పకి చేసుకున్నవి.


పదిహేనో రోజు. పొద్దున పోటు. తిరుగు ప్రయాణం.

మాట్లాడుకోవచ్చన్న తరవాత రాత్రి మేమిద్దరం పంపు గదిలో ఏం మాట్లాడుకున్నామో కచేరీకి అక్కర్లేదు. పంపు గురించి కాదు.

పొద్దున ట్రంకు పెట్టె పడవలో పెట్టారు. అత్త తన నడిమి బల్ల వదిలి ముందుకి పోయి కూర్చుంది, ఆయన్ని నా పక్కకి పొమ్మంది. ఆయన కూర్చోలేదు. చేతులు కట్టుకుని ఆవిడ ముందు నిలబడి, ఎప్పటినుంచి దాచుకున్నారో ఏమో, "తమర్ని నేనేమని పిలవాలండీ" అని అడిగారు.

అత్త చీర కొంగు సర్దుకుంది. నీళ్ళ వంక చూసింది.

"అమ్మా అనేవోడు పోయి తొమ్మిదేళ్ళయింది బాబూ. నీకిట్టమైతే అలా పిలు" అంది.

ఆయన తల ఊపారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను తాడు లాగాను. మొదటి లాగుకే అందుకుంది. మడలోకి తిప్పి వేగం పెంచాను. కొంత దూరం పోయాక ముందునుంచి అత్త వెనక్కి తిరిగి ఏదో అంది, ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు. ఆయనకి వినపడినట్టుంది. ముందుకి వంగి, "ఆఁ అమ్మా" అన్నారు.